కుడి కుర్చీ

పెరియమేడు ఇండోర్ స్టేడియంలో మూడు కుర్చీలు.
నడిమి కుర్చీలో దొరైక్కణ్ణు,
ఎడమ కుర్చీలో సేలం నుంచి వచ్చిన పీటీ మాస్టారు,
కుడివైపు నేను.
ఒక్కొక్కరి బొటనవేలి కింద రెండు మీటలు,
తెల్లదొకటి, ఎర్రదొకటి.

ముప్ఫై నాలుగేళ్లు ఐసీఎఫ్‌లో రైలు చక్రాలు కొలిచినవాణ్ణి.
గేజి పడితే పోనిచ్చాను,
పడకపోతే ఎర్ర సుద్దతో ఇంటూ కొట్టాను.
ఏ చక్రమూ నాతో వాదించలేదు.
చక్రానికి అన్న లేడు, అన్న చేతిలో సెల్‌ఫోన్ లేదు.

ఆమె పేరు ఇలవరసి. వ్యాసర్పాడి.
నూట రెండు కిలోలు, మూడో ప్రయత్నం.
రాష్ట్ర రికార్డు నూట ఒకటి
పదకొండేళ్లుగా గోడమీద బల్లిలా కదలకుండా ఉంది.

సుద్దపొడి పూసుకుని చేతులు చరిచింది.
చిన్న మబ్బు లేచి నా కళ్లద్దాల మీద వాలింది.
(సాకు చెప్పడం లేదు. తుడుచుకున్నాను.)

గుండెల మీదికి ఎత్తింది. లేచింది. ఊపిరి బిగబట్టింది.
సోడా సీసాలు ఏరుకునే కుర్రాడు కూడా
వంగినవాడు వంగినట్టే ఆగాడు.
తరవాత తలమీదికి.
అప్పుడు ఆ కుడి మోచెయ్యి
నువ్వుగింజంత
వంగి, మళ్లీ సాగిందా?
లేక మొదటినుంచీ అంతేనా?

ఎడమ కుర్చీ తెలుపు నొక్కిందని, నడిమి కుర్చీ ఎరుపని
నాకు తరవాత తెలిసింది.
అప్పటికి తెలిసిందల్లా బజర్ మోగకపోవడం.
ఇద్దరు ఒక మాట మీదికొస్తేగాని అది మోగదు.
అది మోగితేగాని ఆమె దించకూడదు.
అంటే ఆ బరువు నా బొటనవేలి మీద ఉంది.
మోస్తున్నది మాత్రం ఆమె.

ఎంతసేపంటారా, వీడియోలో రెండు సెకన్లు, ఓ పిసరు ఎక్కువ.
ఆ కాస్తలోనే
మెడ మీద నరం చూశాను,
ఎడమ బూటు లేసు కొస చిక్కులు పడి ఉండటం చూశాను,
పెదవి మీద సుద్ద చూశాను.
మోచెయ్యిని మాత్రం మళ్లీ చూడలేదు,
చూస్తే మనసు మారుతుందని.

నొక్కాను.

ఆమె నవ్వుతూనే దించింది.
లైట్లు ఆమె వీపు వెనక కదా,
రెండు ఎరుపులూ ఒక తెలుపూ
జనం ముఖాల్లో చదువుకుంది.

జ్యూరీ బల్ల దగ్గర ఒకటే గొడవ.
"పొద్దున తూకం దగ్గరే చెప్పానయ్యా ఆ చెయ్యి సంగతి!"
కోచ్ ఏళుమలై గొంతు చిరిగిపోయింది.
ఎవరికి చెప్పావు?
పేరు గుర్తులేదు. కాగితం లేదు.
అన్న ఫోన్ తెచ్చాడు, ఎడమవైపు నుంచి తీసింది.
అందులో ఆమె గుంజలా నిలబడి ఉంది.
నా కుర్చీ వైపు నుంచి తీసినవాళ్లెవరూ లేరు.
జ్యూరీ పెద్దాయన టీ కప్పు పక్కకు జరిపి
సంతకం పెట్టాడు.

కుళాయి దగ్గర ఎదురైంది.
తిట్టలేదు. రెండు చేతులూ నా ముందు చాచింది,
గాజుల కొలతకి చాచినట్టు.
ఎడమది తిన్నగా ఉంది.
కుడిది తిన్నదనానికి ఒక వేలు ఇవతలే ఆగిపోయింది.
"అయిదో క్లాసులో మేడ మీంచి పడ్డాను సార్,
పుత్తూరు కట్టు కట్టించారు. ఇంతకంటే సాగదు."
తెలుగులోనే చెప్పింది. ఇంట్లో మాటట,
అమ్మమ్మది సూళ్లూరుపేట.

నేను నిబంధన చెప్పాను.
తమిళంలో చెప్పాను. ఎందుకో.

పెరంబూరు బస్సులో సీటు దొరకలేదు.
పైకమ్మీ పొడవునా వరసగా మోచేతులు,
మల్లెపూల బుట్టావిడది, కొరియర్ కుర్రాడిది,
ఎవరో ఆస్పత్రి చీటీ నోట కరుచుకున్నాయనది, నాది.
ఒక్కటీ తిన్నగా లేదు.
గేజి పెడితే బస్సు మొత్తానికి ఎర్ర సుద్దే.

కండక్టర్ ఈల వేశాడు.
ఎవరూ చెయ్యి దించలేదు.